నేపాల్‌కి ఆధార్ చాలదు

ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు అడ్వాన్సు కట్టే ముందు తెలుగు కుటుంబాలు టూర్ ఆపరేటర్‌ని తప్పకుండా అడిగే మాట ఒకటుంది: “పాస్‌పోర్టు కావాలా అండీ?” జవాబు కూడా అందరికీ అలవాటైనదే: “అక్కర్లేదమ్మా, ఆధార్ ఉంటే చాలు. నేపాల్ అంటే మన దేశం లాంటిదే కదా!” ఈ జవాబు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, యూట్యూబ్ యాత్రా వీడియోల్లో వినిపిస్తోంది, వెళ్లొచ్చిన బంధువుల నోట స్థిరపడిపోయింది. పదిమందీ అంటున్నంత మాత్రాన అది నిజమైపోదు. ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్లే నలభై ఏళ్ల మనిషికి, యాభై ఏళ్ల మనిషికి, అరవై ఏళ్ల మనిషికి కూడా నేపాల్ సరిహద్దులో ఆధార్ చెల్లుబాటయ్యే ప్రయాణ పత్రం కాదు.

నిబంధన చాలా స్పష్టంగా ఉంది. భారత పౌరులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. అంతవరకు అందరూ చెప్పేది నిజమే. చేతిలో మాత్రం రెండింట్లో ఒకటి ఉండాలి: గడువు తీరని భారత పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. 65 ఏళ్లు దాటినవాళ్లకూ 15 ఏళ్లలోపు పిల్లలకూ కొంత సడలింపు ఉంది. వయసునూ మనిషినీ రుజువు చేసే ఫొటో కాగితం ఏదైనా వాళ్లకు సరిపోతుంది. పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు వంటివి మొదటినుంచీ ఆ జాబితాలో ఉన్నాయి. విచిత్రమేమిటంటే ఆధార్ అందులో చాలాకాలం లేనేలేదు. 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ ప్రకటన ఇచ్చాకే ఈ రెండు వయసులవాళ్లకు ఆధార్ కూడా చెల్లుతుందని తేలింది.

నేటి అపోహకు పుట్టిల్లు ఆ ప్రకటనే. “నేపాల్, భూటాన్ ప్రయాణానికి ఇక ఆధార్ చెల్లుతుంది” అన్న ముక్క జనానికి గుర్తుండిపోయింది. ఎవరికి చెల్లుతుంది, ఏ వయసువాళ్లకు చెల్లుతుంది అన్న సగం రాలిపోయింది. డెబ్బై ఏళ్ల తాతగారు ఆధార్ చూపించి హాయిగా వెళ్లొచ్చారు. ఆయన మాట విని నలభై ఐదేళ్ల అల్లుడుగారు కూడా ఆధార్ ఒక్కటే జేబులో పెట్టుకుని బయలుదేరుతున్నారు. తాతగారు చెప్పింది అబద్ధమేమీ కాదు, అల్లుడికి వర్తించదు, అంతే.

యాత్రా బస్సుల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. భర్తకు 68 ఏళ్లు, భార్యకు 60 అనుకుందాం. తెలుగు ఇళ్లల్లో ఆ తరానికి ఇది మామూలు తేడానే. ఇద్దరి చేతిలోనూ ఆధార్ మాత్రమే ఉంది. నిబంధన ప్రకారం భర్త వెళ్లొచ్చు, భార్య వెళ్లకూడదు. అదే భర్త తన ఓటరు కార్డు తెచ్చుకుని ఉంటే ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎందుకంటే కుటుంబమంతా కలిసి వెళ్తున్నప్పుడు పెద్దవాళ్లలో ఒక్కరి దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే, మిగతావాళ్లు ఫొటో ఉన్న గుర్తింపుతో, తాము ఆ కుటుంబంవాళ్లమేనని చూపే కాగితంతో వెళ్లే వీలుంది. ఇంటి బీరువాలో ఎన్నికల రోజు తప్ప బయటికి రాని ఆ చిన్న కార్డు ఎంత పని చేసేదో ఆ దంపతులకు చెప్పినవాళ్లే లేరు.

ఇక్కడ “కుటుంబం” అంటే కుటుంబమే. ఒకే కాలనీలోంచి కలిసి బయలుదేరిన నలుగురు ఆడవాళ్లు, ఒకే భజన బృందంలోని పదిమంది, పదవీ విరమణ చేసిన సహోద్యోగులు నిబంధన దృష్టిలో కుటుంబం కారు. వాళ్లల్లో ఎవరి కార్డు వాళ్లు చూపించాల్సిందే. 15 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకైతే స్కూలు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. ఇంటర్ చదివే పిల్లవాడిని వేసవి సెలవుల్లో వెంటబెట్టుకు వెళ్లే మేనమామలకు ఈ సంగతి తెలిసే సందర్భం ఒక్కటీ కనిపించదు.

అసలు ఆధార్‌ని ఎందుకు ఒప్పుకోరు? ఇది అధికారుల మొండితనం అనుకునేవాళ్లు తమ ఆధార్ కాగితాన్నే ఒకసారి తిరగేసి చదవాలి. అది గుర్తింపుకు రుజువేగాని పౌరసత్వానికి కాదని దానిమీదే అచ్చయి ఉంటుంది. 2016 నాటి ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్ కూడా ఆధార్ నంబరు ఉన్నంత మాత్రాన పౌరసత్వం ఉన్నట్టు కాదని చెబుతోంది. ఆ చట్టం ఆధార్‌ని ఇచ్చేది దేశంలో నివసించేవాళ్లకు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటే విదేశీయుడైనా తీసుకోవచ్చు. హైదరాబాద్ ఐటీ కంపెనీలో పనిచేసే ఫ్రెంచి ఇంజనీరుకూ, ఇక్కడ చదువుకునే ఆఫ్రికా విద్యార్థికీ ఆధార్ ఉండొచ్చు. ఉన్నంత మాత్రాన వాళ్లు వీసా లేకుండా నేపాల్ వెళ్లే అర్హత పొందరు కదా!

బీహార్ ఓటర్ల జాబితా సవరణ కేసులో 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆధార్‌ని పన్నెండో పత్రంగా తీసుకోమని ఎన్నికల సంఘానికి చెప్పింది. చెబుతూనే, అది పౌరసత్వానికి రుజువు కాదని మళ్లీ స్పష్టం చేసింది.

సరిహద్దు దగ్గర అడిగే ప్రశ్నకు ఆధార్‌లో జవాబు లేదు. బ్యాంకువాళ్లు అడిగేది “నువ్వెవరు?” అని. సరిహద్దులో అడిగేది “నువ్వు ఏ దేశం పౌరుడివి?” అని. మొదటిదానికి ఆధార్‌ని మించిన కాగితం లేదు. రెండోదానికి అది పనికిరాదు. రాజ్యాంగం 326వ అధికరణం ప్రకారం ఓటు హక్కు పౌరులకే ఉంది కాబట్టి ఓటరు కార్డు రెండో ప్రశ్నకు జవాబవుతుంది. నేపాల్ తన పౌరులకు పదహారేళ్లు నిండాక ప్రత్యేకంగా పౌరసత్వ ధ్రువపత్రమే ఇస్తుంది. భారత్‌లో అందరి చేతిలో ఉండే అలాంటి కార్డు లేదు. ఆ లోటును పూడ్చేవి పాస్‌పోర్టు, ఓటరు కార్డు మాత్రమే.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ముందుగా తెచ్చేది 1950 ఒప్పందం. ఆ ఏడాది జూలై 31న ఖాట్మండులో భారత్, నేపాల్ శాంతి మైత్రి ఒప్పందంమీద సంతకాలు చేశాయి. రెండు దేశాల మధ్య స్వేచ్ఛగా రాకపోకలున్నప్పుడు మధ్యలో ఈ కార్డుల గోలేమిటని వాళ్ల వాదన. ఒప్పందం ఏడో అధికరణం చదివితే ఆ వాదన నిలవదు. నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల్లో పరస్పరం సమాన సౌకర్యాలు ఇస్తామని రెండు ప్రభుత్వాలూ అందులో ఒప్పుకున్నది ఒకరి దేశ జాతీయులకు మరొకరు. ఆ సౌకర్యం భారతీయుడిదైతే, భారతీయుడినని చూపించే బాధ్యత కూడా భారతీయుడిదే. వీసా అక్కర్లేదన్న మాటకు రుజువు అక్కర్లేదన్న అర్థం ఎవరూ ఎక్కడా రాయలేదు.

పైగా ఆ సరిహద్దు అంత తెరిచి ఉండడానికి కారణం అక్కడి జనం బతుకు. సుమారు 1,751 కిలోమీటర్ల పొడవునా ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, సిక్కిం రాష్ట్రాల ఊళ్లు నేపాల్ ఊళ్లతో పెనవేసుకుని ఉన్నాయి. ఇటు పిల్లను అటు ఇస్తారు, అటు పొలంలో ఇటువాళ్లు కూలికి వెళ్తారు, పొద్దున కూరగాయలు కొనుక్కుని మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. అక్కడి జవాన్లకు ఆ మొహాలు తెలుసు. ఆ ఊరి మాట, ఆ ఊరి యాస, ఆ ఊరి బంధువులు వాళ్లకు గుర్తింపుగా పనికొస్తాయి. రాజమండ్రి నుంచో కరీంనగర్ నుంచో మూడు రోజులు ప్రయాణం చేసి వెళ్లిన మనిషికి అక్కడ తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. భాష కూడా రాదు. రక్సౌల్ రైతుకు అలవాటుగా దక్కేది కాకినాడ యాత్రికుడికి హక్కుగా దక్కాలంటే మధ్యలో కాగితం ఉండి తీరాలి.

రెండో వాదన అనుభవంలోంచి వస్తుంది, అందుకే అది బలమైనది కూడా: “మేం వెళ్లొచ్చాం. ఒక్కడూ అడగలేదు.” ఇది చాలామంది విషయంలో నిజం. గోరఖ్‌పూర్ నుంచి వంద కిలోమీటర్లలోపే ఉన్న సునౌలీ దగ్గర నిలబడి చూస్తే ఆ నమ్మకం ఎలా పుడుతుందో అర్థమవుతుంది. ఇటు సునౌలీ బజారు, అటు బెలహియా బజారు, మధ్యలో ద్వారం. సామాను భుజాన వేసుకున్నవాళ్లు, రిక్షాలు, మోటారు సైకిళ్లు, సరుకు లారీలు ఆ ద్వారం కింద నుంచి సాగిపోతూనే ఉంటాయి. సశస్త్ర సీమా బల్ జవాను కొందరిని ఆపుతాడు, చాలామందిని ఆపడు. బస్సు మాత్రం భన్సార్ దగ్గర, అంటే నేపాల్ కస్టమ్స్ కార్యాలయం దగ్గర, అనుమతి కాగితానికి ఆగుతుంది. డ్రైవరు దిగి వెళ్లి రుసుము కట్టి రసీదు తెస్తాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి కొత్త దేశం చూస్తుండగానే బస్సు కదిలిపోతుంది. లుంబినీ అక్కడికి గంట ప్రయాణం లోపే. అడగలేదు కాబట్టి అక్కర్లేదన్న లెక్క అక్కడే తయారవుతుంది.

ఆ లెక్కలోని తప్పు ఒక్కటే. కాగితం అవసరం పడేది వెళ్లేటప్పుడు కాదు. వెళ్లేవాడు ఉత్సాహంగా, ఆరోగ్యంగా, గుంపుతో, గైడుతో, జేబులో డబ్బుతో వెళ్తాడు. అవసరం పడేది తిరిగొచ్చేటప్పుడు, అదీ అనుకున్నట్టు జరగనప్పుడు.

2025 సెప్టెంబరు అందుకు సాక్ష్యం. ఆ నెల 8న నేపాల్‌లో యువత ఆందోళనమీద కాల్పులు జరిగి 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కేపీ శర్మ ఓలీ రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం తగలబడింది, త్రిభువన్ విమానాశ్రయం మూతపడింది. తెలుగు యాత్రికులు రెండు వందలమందికి పైగా అక్కడ చిక్కుకుపోయారు. పశుపతినాథ్ నుంచి తిరిగొస్తున్న బస్సుమీద దాడి జరిగిందనీ, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లేననీ, ఫోన్లూ డబ్బూ సామానూ లాక్కున్నారనీ వార్తలొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సెప్టెంబరు 11న ప్రత్యేక విమానం పెట్టి ఖాట్మండు నుంచి విశాఖపట్నానికీ తిరుపతికీ జనాన్ని తెచ్చింది.

అదే సమయంలో సరిహద్దు ఎలా ఉంది? నేపాల్ జైళ్లు బద్దలై వేలాదిమంది ఖైదీలు పారిపోయారు. భారత్‌లోకి జొరబడబోయిన వాళ్లను సశస్త్ర సీమా బల్ పదుల సంఖ్యలో పట్టుకుంది. అలాంటి రోజుల్లో జవాన్లు ఎవరినీ మొహం చూసి వదలలేరు. కాగితం చూశాకే ఇటు రానిచ్చారు. నాలుగు రోజుల ముందు ఎవరూ ఏమీ అడగని అదే ద్వారం దగ్గర ప్రతి ఒక్కరినీ అడిగారు. “ఎవరూ అడగరు” అన్నది నిబంధనైతే నాలుగు రోజుల్లో మారదు. అది నిబంధన కాదు కాబట్టే మారింది.

ఇలాంటిది మొదటిసారీ కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇదే తెరిచిన సరిహద్దు ఒక్క ప్రకటనతో మూసుకుపోయింది. ఉత్తరాఖండ్‌లోని ధార్చూలా దగ్గర ఆగిపోయిన నేపాలీ కూలీల్లో కొందరు మహాకాళి నదిలో దూకి తమ దేశానికి ఈదారు. తెరిచిన సరిహద్దు కూడా సరిహద్దే. దాన్ని మూసే అధికారం రెండు ప్రభుత్వాలకూ ఎప్పుడూ ఉంటుంది.

గొడవలూ మహమ్మారులూ రోజూ రావు, ఒప్పుకోవాల్సిందే. జబ్బు మాత్రం ఎప్పుడైనా రావచ్చు. ముక్తినాథ్ 3,700 మీటర్ల ఎత్తున ఉంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కావడంతో తెలుగు వైష్ణవ కుటుంబాలకు అది జీవితాశయం. అక్కడికి వెళ్లే వయసు ఏదో అందరికీ తెలుసు. గాలి పలచబడి ఆయాసం వచ్చి, ఖాట్మండు ఆస్పత్రిలో రెండు రోజులుండి, ఇక బస్సులో అంత దూరం వెళ్లొద్దు, విమానంలో తీసుకెళ్లండని డాక్టరు చెబితే? విమానాశ్రయంలో విమానయాన సంస్థ అడిగేది పాస్‌పోర్టు, లేకపోతే ఓటరు కార్డు. అరవై రెండేళ్ల ఆధార్‌ధారిని విమానం ఎక్కనివ్వరు. రోడ్డుమీద చూసీ చూడనట్టు వదిలేసిన మనిషి ఇక్కడ ఆగిపోతాడు. అప్పుడు భారత రాయబార కార్యాలయానికి వెళ్లి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఒక్కసారి భారత్‌కి తిరిగిరావడానికి పనికొస్తుంది. అది ఇవ్వాలన్నా ఆ మనిషి భారత పౌరుడేనని వాళ్లకు నమ్మకం కలగాలి. జబ్బు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లో ఉన్న కొడుక్కి ఫోన్లు చేసి, బీరువా తాళం వెతికించి, ఓటరు కార్డు ఫొటో తెప్పించుకునే అవస్థ ఇంటినుంచి బయలుదేరేటప్పుడు ఒక్క నిమిషంలో తప్పేది.

ఇంతకంటే కష్టమైన మాట కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 23న మహారాష్ట్ర యాత్రికులతో పోఖరా నుంచి ఖాట్మండు వెళ్తున్న బస్సు తనహూ జిల్లాలో మర్స్యాంగ్దీ నదిలో పడి 27 మంది చనిపోయారు. గోరఖ్‌పూర్ నుంచి వెళ్లిన బస్సు అది. తెలుగు యాత్రికులు ఎక్కేవీ అలాంటి బస్సులే, తిరిగేదీ ఆ రోడ్డుమీదే. పరాయి దేశంలో చనిపోయిన మనిషిని గుర్తించి, కాగితాలు పూర్తిచేసి, సరిహద్దు దాటించి ఇంటికి చేర్చడంలో ప్రతి అడుగుకూ కాగితం కావాలి. ఆ కాగితం ఉంటే కుటుంబం ఎదురుచూపు ఒక రోజైనా తగ్గుతుంది.

మూడో వాదన కొత్తతరానిది: “అన్నీ ఫోన్‌లో ఉన్నాయి. డిజిలాకర్ ఉంది కదా!” విజయవాడ ట్రాఫిక్ పోలీసుకు డిజిలాకర్‌లోని లైసెన్సు చూపిస్తే చెల్లుతుంది, ఎందుకంటే భారత చట్టం దానికి ఒరిజినల్‌తో సమాన హోదా ఇచ్చింది. ఆ చట్టం బెలహియా అవతల లేదు. భారతీయ సిమ్ సరిహద్దు దాటాక పని మానేస్తుంది, లేదా రోమింగ్ కోసం వెతుక్కుంటుంది. కొండల్లో చార్జింగ్ ఉండదు. ఫోన్ పోతే ఫోన్‌తోపాటు కార్డులూ పోతాయి. సెప్టెంబరు గొడవల్లో ముందు పోయినవి ఫోన్లే. ఒరిజినల్ కార్డు ఒంటిమీద ఉండాలి. దాని జిరాక్స్ కాపీ వేరే సంచిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉండడం మంచిదే, అది మూడో వరుస రక్షణ.

ఆధార్ అపోహ నేపాల్‌తో ఆగడం లేదు. అదే నమ్మకంతో జైగావ్ మీదుగా భూటాన్‌కి బయలుదేరేవాళ్లు ఫుంట్‌షోలింగ్ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆగిపోతారు. అక్కడ నేపాల్‌లోలాగా చూసీచూడనట్టు వదిలే పద్ధతి లేదు. ఆరు నెలల గడువు మిగిలున్న పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపించి అనుమతి పత్రం తీసుకుంటేనే పారో, థింపూ. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్టు, లేకపోతే జనన ధ్రువపత్రం. రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము అదనం. భారత హోంశాఖ వృద్ధుల ఆధార్‌కి ఒప్పుకోవడం ఒక ఎత్తు, అవతలి దేశం ఒప్పుకోవడం మరో ఎత్తు. సరిహద్దుకు రెండు వైపులుంటాయన్న సంగతి మరిచిపోయిన సలహా సగం సలహానే.

పాకిస్తాన్‌లోని గురుద్వారాకు భారత యాత్రికులు వెళ్లే కర్తార్‌పూర్ కారిడార్ కథ ఇంకా స్పష్టమైన పాఠం. 2019 నవంబరు 9న అది తెరుచుకోవడానికి వారం ముందు, అప్పటి పాకిస్తాన్ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ సిక్కు యాత్రికులకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఏదైనా గుర్తింపు కార్డు చాలని ట్విట్టర్‌లో ప్రకటించారు. కొద్ది రోజులకే పాకిస్తాన్ సైన్యం ప్రతినిధి పాస్‌పోర్టు కావాలన్నారు. భారత విదేశాంగ శాఖ సంతకాలైన ఒప్పందంలో ఏముందో అదే పాటిస్తామని చెప్పింది. ఒప్పందంలో ఉన్నది పాస్‌పోర్టు. సాక్షాత్తూ ఒక దేశ ప్రధాని నోటిమాటే సరిహద్దులో చెల్లలేదు. అలాంటప్పుడు టూర్ ఆపరేటర్ నోటిమాటకు విలువెంత?

అమెరికాలోని తెలుగువాళ్లకూ ఇదే జబ్బు మరో పేరుతో ఉంది. అక్కడి ఆధార్ పేరు రియల్ ఐడీ. 2025 మే 7 నుంచి దేశీయ విమానాల్లో దాన్ని అడగడం మొదలయ్యాక, నక్షత్రం గుర్తున్న ఆ డ్రైవింగ్ లైసెన్సుతో నయాగరా వంతెన దాటి కెనడా చూసి రావచ్చని అనుకునేవాళ్లు కనిపిస్తున్నారు. రావడానికి వీల్లేదు. రియల్ ఐడీని చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకూ ఇస్తారు, కాబట్టి అదీ పౌరసత్వం చెప్పదు. ఒకప్పుడు అమెరికన్లు కూడా నోటిమాటతో, లైసెన్సుతో ఆ సరిహద్దు దాటేవాళ్లు. 2009 జూన్ 1తో ఆ రోజులు పోయాయి. మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాలు తమ పౌరులకిచ్చే ప్రత్యేక లైసెన్సు మాత్రమే భూసరిహద్దులో పనికొస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్న భారతీయుడికి కెనడా వీసా అక్కర్లేదుగాని, గ్రీన్‌కార్డుతోపాటు గడువున్న భారత పాస్‌పోర్టు వెంట ఉండాలి. కూతురి కాన్పుకి వెళ్లి విజిటర్ వీసామీద ఉన్న అమ్మానాన్నలకైతే కెనడా వీసా కూడా కావాలి. జలపాతం అవతలి ఒడ్డునుంచి బాగా కనిపిస్తుందని అల్లుడు కారు తిప్పే ముందు ఆ వీసా ఉందో లేదో చూసుకోవాలి.

హెచ్‌1బీ వాళ్ల సంగతి మరికొంత సూక్ష్మం. వీసా స్టాంపు గడువు తీరినా, ఐ-94 గడువు ఉంటే, 30 రోజులు మించకుండా కెనడాకో మెక్సికోకో వెళ్లి తిరిగిరావడానికి అమెరికా నిబంధనల్లో వీలుంది. ఐ-94, ఐ-797 కాగితాలు చేతిలో ఉంటేనే ఆ వీలు అక్కరకొస్తుంది. అక్కడున్నప్పుడు కొత్త వీసాకు దరఖాస్తు పెట్టుకుంటే అది పోతుంది. హక్కు ఉండడం వేరు, దాన్ని అధికారి ముందు చూపించగలగడం వేరు.

జర్మనీలో చదివే తెలుగు విద్యార్థులు కూడా వినాలి. షెంగెన్ దేశాల మధ్య గేట్లు లేవు కదా అని రెసిడెన్స్ కార్డు ఒక్కటే పెట్టుకుని పోలండ్‌కో ఫ్రాన్స్‌కో రైలెక్కుతారు. ఆ కార్డుతోపాటు పాస్‌పోర్టు వెంట ఉండాలన్నది నియమం. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటిమీదా తనిఖీలు పెట్టాక ఆ నియమం పుస్తకంలోంచి రైలు పెట్టెలోకి వచ్చింది.

మళ్లీ నేపాల్ దారికి వస్తే, మిగిలిన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. యాత్రలకు వెళ్లేవాళ్లలో చాలామంది జీవితంలో మరెప్పుడూ విదేశం వెళ్లని మామూలు జనం. వాళ్లని పాస్‌పోర్టు ఆఫీసుల చుట్టూ తిప్పడం న్యాయమా? నిజమే, పాస్‌పోర్టు తప్పనిసరి అని ఎవరూ అనడం లేదు. ఓటరు కార్డు సరిపోతుంది, అది ఉచితం, ఇంట్లోనే ఉంది. పాస్‌పోర్టు తీసుకోదలిస్తే 36 పేజీలదానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, గడువు పదేళ్లు. అరవై దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్టుమీద పది శాతం తగ్గింపు కూడా ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలకు తోడు ఇప్పుడు చాలా జిల్లాల్లో హెడ్ పోస్టాఫీసుల్లోనే సేవాకేంద్రాలున్నాయి. యాత్ర ప్యాకేజీ ఖర్చులో ఇది పిసరంత. పేదవాళ్లమీద జాలితో “ఆధార్ చాలు” అని చెప్పేవాళ్లు నిజానికి ఆ పేదవాళ్లనే ప్రమాదంలోకి పంపుతున్నారు. డబ్బున్నవాడు ఖాట్మండులో మరో వారం హోటల్లో ఉండగలడు, ఢిల్లీలో తెలిసినవాళ్లకు ఫోన్ చేయగలడు. పింఛను డబ్బు దాచుకుని వెళ్లిన పెద్దావిడకు ఆ వెసులుబాటు లేదు.

ఓటరు కార్డు ఉంది కదా అని ఊరుకోవడానికీ లేదు. తెలుగువాళ్ల కార్డుల్లో పేర్ల తంటా అందరికీ తెలిసిందే. ఓటరు కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట లక్ష్మి, మరోచోట మహాలక్ష్మి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకదానిలో, తరవాతది ఇంకోదానిలో. ఇరవై ఏళ్లనాటి నలుపు తెలుపు ఫొటోలో మనిషిని సొంత పిల్లలే గుర్తుపట్టలేరు. కుటుంబ సభ్యులుగా వెళ్లేవాళ్లకు ఈ తేడాలు మరీ చేటు, ఎందుకంటే అక్కడ చూపాల్సింది బంధుత్వం. కార్డు సవరణకు, కొత్త ఫొటోకు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అందుకు వారాలు పడుతుంది కాబట్టి ఆ పని టికెట్లు కొనకముందే మొదలవ్వాలి. కైలాస మానససరోవరం కూడా కలిపి నేపాల్ మీదుగా వెళ్లదలచినవాళ్లకైతే ఓటరు కార్డు మాట మరిచిపోవాల్సిందే. చైనా భూభాగంలో అడుగుపెట్టాలంటే పాస్‌పోర్టు, చైనా వీసా ఉండాలి.

తప్పంతా యాత్రికులదే అనడం అన్యాయం. బీహార్‌లోని జయనగర్ నుంచి జనకపురం వైపు రైలు 2022 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు ఏ ఏ పత్రాలు చెల్లుతాయో రైల్వే జాబితా ప్రకటించింది. సీతమ్మ పుట్టిల్లు చూడాలని తెలుగు పల్లెల్లో ఉవ్విళ్లూరేవాళ్లకు ఆ జాబితా తెలుగులో చేర్చినవాళ్లెవరు? రాష్ట్ర పర్యాటక శాఖలు, దేవాదాయ శాఖలు, ఊరూరా యాత్రలు నడిపే సంస్థలు ఈ నిబంధనలను నాలుగు వాక్యాల్లో తెలుగులో అచ్చువేసి ప్రతి బుకింగ్ రసీదు వెనక పెట్టలేవా? అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఓటరు కార్డో పాస్‌పోర్టో చూసి నంబరు రాసుకోవడం ఆపరేటర్ కనీస బాధ్యత. తనిఖీలో ఇబ్బంది వస్తే “మేం మాట్లాడతాం” అని భరోసా ఇచ్చేవాళ్లు ఖాట్మండు విమానాశ్రయం కౌంటర్ దగ్గర ఎవరితోనూ మాట్లాడలేరు.

ఈ ఏడాది నేపాల్ యాత్ర అనుకుంటున్నవాళ్లు అడ్వాన్సు కట్టే ముందు బీరువాలోంచి ఓటరు కార్డు తీసి, పేరూ ఫొటో సరిగా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి. లేకపోతే సవరణకో పాస్‌పోర్టుకో రేపే దరఖాస్తు పెట్టండి. వెంట వచ్చే ప్రతి ఒక్కరి చేతా అదే చేయించండి. “ఆధార్ చాలు” అనే ఆపరేటర్‌ని ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే మరో ఆపరేటర్‌ని చూసుకోండి.